ఎడమ రెక్క

ఇల్లందు,
21 జనవరి 2008, సోమవారం.

గౌరవనీయులైన స్క్వాడ్రన్ లీడర్ బసవపున్నయ్య గారికి,

ఎయిర్ ఫోర్సులో మీ ఫిట్టరు, ఆ తర్వాత పినపాక షెడ్డులో మీ మెకానిక్కు అయిన సార్జెంట్ ఇన్నయ్య నమస్కరించి రాసుకునేది. మోకాళ్ళ సంగతి పక్కన పెడితే ఇక్కడ నేనూ హెప్సిబా దేవుని దయవల్ల బాగానే ఉన్నాం. అక్కడ మీరు, పద్మావతమ్మ గారు, మనవరాలు నాగలత కులాసాగా ఉన్నారని తలుస్తాను.

రెండేళ్ళ తర్వాత రాస్తున్న ఉత్తరం ఇది. మీ ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా కాఫీ వేళకు అమ్మగారు పైకి చదవడం, మీరు పడక కుర్చీలో కళ్ళు మూసుకుని వినడం అలవాటు. కాబట్టి ఇది ముందు అమ్మగారి చేతిలోనే పడుతుందని తెలుసు. అమ్మా, మీకూ నమస్కారాలు. దీని వెనక ఒక కాగితం మడిచి బంకతో అంటించాను. అది సార్‌కి. అంతా విమానం రిపేరు గొడవ, లోపల గట్టిగా తగిలేదీ దాని సామానే, మీకు విసుగు. విప్పకుండా ఆయన చేతికివ్వండి.

నాగలత పంపిన ఆహ్వాన పత్రిక మొన్న శుక్రవారం అందింది. ఫిబ్రవరి మూడో తారీఖు ఆదివారం హైదరాబాద్‌లో ఫ్లైయింగ్ క్లబ్బు వాళ్ళ ఎయిర్ షో అని, అందులో మన టైగర్ మాత్ విమానం ఎగురుతుందని అచ్చు వేశారు. అడుగున పెన్నుతో ఆ అమ్మాయి తన చేత్తో రాసింది: తాతయ్య వెనక సీట్లో, తను ముందు సీట్లో అట. ఇన్నయ్య తాత రాకపోతే ఊరుకోనని కూడా రాసింది. ఆ కార్డు మూడు రోజులుగా బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. సంతోషించాలో ఏం చేయాలో తోచడం లేదు. ఈ ఉత్తరం ఆ కార్డు గురించే.

ఇక్కడి కబుర్లు పెద్దగా లేవు. మా నాన్న దిగిన గని ఎప్పుడో మూసేశారు. ఇప్పుడంతా ఓపెన్‌కాస్టే. మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేసినప్పుడల్లా మా అలమరలో గిన్నెలు మాట్లాడుకుంటాయి. హెప్సిబా చర్చి గాయకబృందంలో ఇంకా పాడుతోంది, వద్దని చెప్పే ధైర్యం పాస్టరు గారికి లేదు. నేను అడిగినవాళ్ళకు కుట్టుమిషన్లు, సైకిళ్ళు బాగు చేసి పెడుతున్నాను. అడిగేవాళ్ళు తక్కువే. చర్చిలో బెంచీ కాలు బిగిస్తుంటే కుర్రాళ్ళు వచ్చి, "తాతా, పానాలు లెక్క పెట్టుకున్నవా?" అని నవ్వుతారు. రెక్కలో పానా పెట్టి కుట్టేసిన మనిషిగా పినపాక నుంచి ఇల్లందు దాకా నా పేరు పాకింది. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు కోపానికి కూడా ఓపిక లేదు.

ఆ సంగతి నాగలత సగం సగం విని ఉంటుంది. అప్పుడు తను హాస్టల్లో ఉంది. చదువుతుంటే పక్కన కూర్చుని వింటుందేమోనని మొదటి నుంచి చెబుతాను.

అమ్మా నాగలతా, 2002లో మీ తాతయ్య జీపులో మా ఇంటికొచ్చి, ఒకటి దొరికింది, లేపుదామా అని అడిగారు. ఏమిటని నేను అడగలేదు. ఇరవై రెండేళ్ళు విమానాల దగ్గర పనిచేసి వచ్చాక వర్క్‌షాపుల్లో బకెట్లకు అతుకులు వేసుకుంటూ బతికినవాణ్ణి, ఏదైతేనేం అనుకున్నాను. వెళ్ళి చూస్తే మూతబడ్డ ఓ క్లబ్బు గ్యారేజీలో పావురాలు గూళ్ళు పెట్టుకున్న బొమికల గూడు. 1943లో తయారైంది. యుద్ధానికి పోయే కుర్రాళ్ళకు విమానం నడపడం నేర్పడానికి చేసిన బండి. పైన జత, కింద జత రెక్కలు. ముందొక సీటు, వెనకొక సీటు, నడిపేవాళ్ళు వెనక కూర్చుంటారు. మీ తాతయ్య ఇరవై ఏళ్ళ వయసులో మొదట నేర్చుకున్నది అలాంటి దాని మీదే. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, విమానం ముక్కు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నేను అటు తిరిగి పావురాలను లెక్కపెట్టాను.

లారీలో వేసుకొచ్చి, మీ పినపాక తోటలో పాడుబడ్డ పొగాకు గోడౌన్‌లో దించాం. గోడౌన్ పక్కన పత్తి చేను చదును చేసి రోడ్డు రోలరుతో తొక్కించి అర కిలోమీటరు దారి తీశాం. నేను సోమవారం బస్సెక్కి వచ్చి శనివారం ఇంటికి పోయేవాణ్ణి. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

కష్టం ఎక్కువే, నవ్వులూ తక్కువేం కాదు. రెక్కల లోపలి కర్ర తేలిగ్గా ఉండాలి, ముడి ఉండకూడదు. చుట్టూ టేకు అడవి పెట్టుకుని మేము కర్ర బయటి దేశం నుంచి తెప్పించాం. అది లారీలో వస్తుంటే ఫారెస్టు చెక్‌పోస్టు వాళ్ళు ఆపేశారు. ఇది టేకు కాదని చెబితే వినరు. మీ తాతయ్య ఇంగ్లీషులో చెప్పారు, తెలుగులో చెప్పారు, చివరికి ఓ ముక్క తీసి గార్డు చేతిలో పెట్టారు. ఆయన దాన్ని ఎగరేసి పట్టుకుని, "ఏంది సార్, గింత తేలిక కట్టెతోని ఏం కడ్తరు?" అన్నాడు. విమానం అంటే మళ్ళీ అనుమానం వచ్చింది. రెండు రోజులు లారీ అక్కడే ఉంది.

రెక్కలకు రేకు ఉండదు, బట్ట ఉంటుంది. అందరూ ఆశ్చర్యపోయేది అక్కడే. లోపలి కర్ర పక్కటెముకలకు ఆ బట్టను కుట్టాలి. రెక్కను తలుపులా నిలబెడితే, ఇటువైపు మనిషి మూరెడు సూది గుచ్చుతుంది, అటువైపు మనిషి లాగి మళ్ళీ ఇటు గుచ్చుతుంది. ప్రతి కుట్టుకూ ఒక ముడి. ఆ ముడి నాకు ట్రైనింగులో వంటబట్టడానికి నెల పట్టింది. పినపాక సెంటర్లో జాకెట్లు కుట్టే నాగక్కను, తండా నుంచి కమ్లిని పిలిపించాం. కమ్లి తన లంగాకు అద్దాలు కుట్టుకున్న చేయి. పొద్దున చూపిస్తే సాయంత్రానికి నాకంటే బిగువుగా వేసింది. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా రెక్కకు చెరో పక్క కూర్చుని మూడు నెలలు కుట్టారు. మధ్యలో సూది, కబుర్లు. కుట్టాక బట్ట బిగుసుకోవడానికి గోళ్ళరంగు వాసన వేసే మందు ఆరు పూతలు పూశాం. ఆ వాసనకు అందరికీ తలనొప్పి, ఎవరూ ఇంటికి పోరు. నా అరవై నాలుగేళ్ళలో నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఇది అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మాకొక పద్ధతి ఉండేది. గోడకు ఓ చెక్క పలక, దాని మీద ఒక్కో పనిముట్టు ఆకారం ఎర్ర రంగుతో గీసి, నంబరు వేసి ఉంటుంది. సాయంత్రం పని అయ్యాక మీ తాతయ్య కుర్చీ వేసుకుని బడిలో హాజరు పిలిచినట్టు నంబర్లు పిలుస్తారు. నేను ఒక్కోటి చూసి "ఉంది" అంటాను. ఒక్కటి తక్కువైనా ఆ విమానం ఎగరదు. లోపల పడ్డ చిన్న పానా ఒకటి కేబులుకు అడ్డం పడితే చాలు, పైలట్ చేతిలో విమానం నడిపే కర్ర బిగుసుకుపోతుంది. మా నాన్న గనిలో దిగగానే పైకప్పును కర్రతో తట్టి, మోత విని, ఆ తర్వాతే అడుగు వేసేవాడు. అది ఆయన పద్ధతి, ఇది మాది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నా పలక మీద ఖాళీ పడలేదు.

మంగళవారం.

నిన్న ఇక్కడ దాకా రాసి ఆపేశాను. చెయ్యి నొప్పి అని హెప్సిబాతో చెప్పాను. ఆ రోజు గురించి రాయాలంటే మనసు రాలేదు, అదీ నిజం.

2006 ఫిబ్రవరి. రెక్కలు విప్పి లారీకెక్కించి హైదరాబాద్ షోకు పంపాల్సిన ముందు రోజు. క్లబ్బు వాళ్ళు చూడడానికి వచ్చారు, పేపరు వాళ్ళు వచ్చారు, తల్లాడ నుంచి మీ చుట్టాలు వచ్చారు. అమ్మగారు నలభై మందికి వండించారు. భోజనాలయ్యాక సార్ అందరి ముందూ కుర్చీ వేసుకుని, మా పద్ధతి చూడండి అని నంబర్లు పిలిచారు. పదిహేడు దగ్గర నేను మాట్లాడలేదు. సార్ మళ్ళీ పిలిచారు. పలక మీద చిన్న పానా బొమ్మ ఎర్రగా ఖాళీగా ఉంది. వెనక ఎవరో నవ్వారు.

షెడ్డంతా వెతికారు. నేను చెప్పింది ఇదీ: ముందు రోజు ఎడమ కింది రెక్కకు చిన్న కిటికీ కోసి లోపల కేబులు కప్పీ బిగించాను, ఆ పానాతోనే. మళ్ళీ బట్ట అతికించాను. ఆ సాయంత్రం సార్ ఖమ్మం వెళ్ళడం వల్ల హాజరు పిలవలేదు. నాలుగేళ్ళలో పిలవని సాయంత్రం అదొక్కటే. కిటికీ విప్పి చెయ్యి పెట్టి చూశాం, లేదు. లోపలే జారిపోయి ఉంటుందన్నాను. జారితే ఎంత దూరం పోయిందో ఎవరికి తెలుసు? కొయ్యక తప్పదన్నాను.

బ్లేడు నేనే పట్టుకున్నాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా బట్ట కోశాను. బిగువు మీద ఉన్న బట్ట కదా, బ్లేడు వెనకే విచ్చుకుంటూ పోయింది. కమ్లి గోడకానుకుని నిలబడి చూసింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. "మూడు నెల్ల కుట్టు కోసినవ్ గద తాతా," అంది, సూదుల డబ్బా తీసుకుని తండాకు నడిచి పోయింది. నాగక్క మరుసటి రోజు నుంచి రాలేదు.

పానా దొరకలేదు. బయటే ఎక్కడో పడి ఉంటుంది, పాత బట్ట అతికించి సంతకం పెట్టు, షోకు పోదామని సార్ అన్నారు. దొరికేదాకా పెట్టనన్నాను. విమానం ఎగరడానికి పనికొస్తుందని కాగితం మీద ఫిట్టరు సంతకం కావాలి, అది లేకపోతే క్లబ్బు వాళ్ళు ఒప్పుకోరు. సార్ నన్ను పక్కకు తీసుకుపోయి అడిగారు, అందరి ముందూ అడిగారు. నేను పెన్ను జేబులోంచి తీయలేదు. అప్పుడు ఆయన అన్న మాట అమ్మగారూ విన్నారు. "నీకు కళ్ళు పోయినయ్ ఇన్నయ్యా. చేతులూ పోయినయ్. ఇంక ఇంటికి పో." నలభై ఏళ్ళలో ఆయన నన్ను అన్న కఠినమైన మాట అదొక్కటే. నేను టిఫిను డబ్బా తీసుకుని మణుగూరు దాకా నడిచి బస్సెక్కాను. లారీ ఖాళీగా తిరిగిపోయిందని తర్వాత విన్నాను.

సార్, అప్పుడు మీరన్నదానికి నేను ఎదురు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నాలుగేళ్ళ కల ఒక పానాకు బలి అయితే ఎవరికైనా అంత మాట వస్తుంది. తర్వాత హైదరాబాద్ నుంచి ఓ మెకానిక్‌ను తెచ్చి కొత్త బట్ట వేయించారని, పోయిన దసరాకు దాన్ని ఎగరడానికి పాస్ చేశారని తెలిసింది. ఆ పిల్లవాడు మంచి పనివాడేనట. సంతోషం.

కానీ ఒక్కటి అడుగుతాను. పానా దొరికిందా? నాకు తెలిసి దొరకలేదు. ఎడమ కింది రెక్కలో లేకపోతే ఇంకెక్కడో ఉంది. పొట్ట లోపల ఉండొచ్చు, తోక దగ్గర ఉండొచ్చు. అది తేలకుండా మనవరాలిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మీరు పైకి లేవడం నాకు ఇష్టం లేదు. ఈ షోకు దాన్ని నేల మీదే నిలబెట్టండి. తాడు కట్టి, బోర్డు పెట్టి జనానికి చూపించండి. నాగలత ముందు సీట్లో కూర్చుని ఫోటో దిగుతుంది. అమ్మా, మీరైనా చెప్పండి. ఆయన ఎవరి మాటా వినరని తెలుసు. అయినా చెప్పండి.

ఇంతకంటే రాయడానికి శక్తి లేదు. పోయినేడాది వరకూ ఏదో ఒకటి జరుగుతుందిలే అనుకునేవాణ్ణి, ఇప్పుడు జరగకుండా ఉంటే చాలనిపిస్తోంది. హెప్సిబా మీ అందరికీ వందనాలు చెప్పమంది. అమ్మగారు ఆ మధ్య పంపిన మామిడి తాండ్ర అందిందని, అప్పుడు జవాబు రాయనందుకు క్షమించమని కూడా చెప్పమంది.

చిత్తగించవలెను.

మీ విధేయుడు,
ఇన్నయ్య
(రిటైర్డ్ సార్జెంట్, ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్)

తా.క. — బసవపున్నయ్య గారు ఒక్కరే చదవాలి.

సార్, ఈ కాగితంలో అక్షరాలు వేలెడేసి రాశాను. ఇది ఎవరిచేతా చదివించుకోకండి. పొద్దున ఎండ బాగా వచ్చాక వరండాలోకి పోయి, కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చదవండి.

విమానంలో ఏ లోపమూ లేదు. ఇప్పుడు లేదు, అప్పుడూ లేదు. పానా పోలేదు. ఆ రోజు అది నా టిఫిను డబ్బాలో, హెప్సిబా పెట్టిన నిమ్మకాయ పచ్చడి గిన్నె కింద ఉంది. అందరూ నేల మీద పాకుతూ వెతుకుతున్నప్పుడు డబ్బా నా పక్కనే ఉంది. ఏమీ లేదని తెలిసే కమ్లి కుట్టు కోశాను. మీరు అన్న మాట మీద నాకు కోపం లేదు. కమ్లి అన్న మాట మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

మీకు ఎడమ కన్ను కనబడదని నాకు తెలుసు.

ముందు జీపు చెప్పింది. ఏడాదిలో రెండుసార్లు ఎడమ వైపు అద్దం విరిగింది. చెక్‌పోస్టు కర్రకు ఎడమ వైపే రాసుకుంది. నన్ను ఎడమ పక్క కూర్చోబెట్టుకుని మాట్లాడుతూ ఉండు ఇన్నయ్యా అనేవారు. ముచ్చట కోసమనుకున్నాను. మెడికల్ పరీక్షకు హైదరాబాద్ పోయినప్పుడు దారి పొడుగునా మీరు పెదాలు కదిలిస్తూ ఏదో చదువుకున్నారు. దేవుడి పేరు అనుకున్నాను. బయట బెంచీ మీద కూర్చుంటే తలుపు సందులోంచి మీ గొంతు వినబడింది, అవే ఇంగ్లీషు అక్షరాలు, అదే వరసలో. గోడ మీది కంటి పరీక్ష అట్టను మీరు చదవలేదు సార్, ఒప్పజెప్పారు.

అయినా నమ్మడానికి మనసొప్పలేదు. ఆ బండికి బ్రేకులు లేవు కదా, నేల మీద నడిపేటప్పుడు రెక్క చివర మనిషి నడవాలి. ఆ షోకు ముందు జనవరిలో మన దారి మీద మీరు ఇంజను వేసి నడిపించినప్పుడు నేను ఎడమ రెక్క చివర ఉన్నాను. ఆపమని చెయ్యి ఎత్తాను. మీరు ఆపలేదు. చప్పుడులో గమనించలేదేమో అనుకుని మరుసటి రోజు మళ్ళీ ఎత్తాను. ఆపలేదు. మూడో రోజు కుడి వైపుకు మారి సగం ఎత్తానో లేదో మీరు ఇంజను తగ్గించేశారు. ఆ సాయంత్రమే మీరు ఎగిరి దిగారు. నేల ఇంకా రెండు నిలువుల కింద ఉండగానే దిగిపోయానని కర్ర లాగారు. బండి దబ్బున పడింది. గాలి అన్నారు. ఆ రోజు ఆకు కదల్లేదు.

సర్వీసులో నాకు నేర్పింది విమానానికి సంతకం పెట్టడం. చక్రం బాగుంది, కేబులు బాగుంది, రెక్క బాగుంది అని రాసి పెట్టే కాగితం ఉంది. పైలట్ బాగున్నాడా అని రాయడానికి ఫిట్టరు కాగితంలో గడి లేదు. మీ కన్ను గురించి ఎవరికి చెప్పాలి? క్లబ్బు వాళ్ళకు చెబితే లైసెన్సు లాక్కుని, మోసం చేశారని పేపర్లో వేస్తారు. అమ్మగారికి చెబితే ఆమె ముఖం ఎలా చూస్తారు? మీతోనే చెబుదామని నాలుగు రోజులు మీ వెనకాల తిరిగాను. మీరు విమానం ముక్కు మీద చెయ్యి వేసి నిలబడడం చూసి వెనక్కి తిరిగిపోయాను. నేను ఆపగలిగింది విమానాన్ని మాత్రమే. అందుకని మంచి విమానానికి లోపం అంటగట్టాను. మీరు ఖమ్మం వెళ్ళేదాకా ఆగాను, ఆ సాయంత్రం హాజరు ఉండదని.

ఇందులో నా తప్పు చిన్నది కాదు. జీపు అద్దం రెండోసారి విరిగిన రోజే నాకు అర్థమైంది. అంటే ఏడాది ముందే. అప్పుడే చెప్పి ఉంటే మీరు పని ఆపేసేవారు, షెడ్డు మూతబడేది, నేను మళ్ళీ బకెట్లకు అతుకులు వేసుకునేవాణ్ణి. అది ఇష్టం లేక నోరు మూసుకున్నాను. రెక్కకు ఆరో పూత పడేదాకా మీ కన్ను సంగతి పక్కన పెట్టాను. మిమ్మల్ని కాపాడానని గొప్పలు పోవడానికి నాకు ముఖం లేదు.

మీరు ఒక్కరే పోయేదైతే ఏమో, ఇంకో అబద్ధం ఆడి ఊరుకునేవాణ్ణేమో. ముందు సీట్లో పిల్ల కూర్చుంటోంది. ఉత్తరం పై భాగంలో పానా పేరు చెప్పి మళ్ళీ ఆ అబద్ధమే ఆడాను. రాస్తుంటేనే నీరసం వచ్చింది. పానా ఈ అంటించిన మడత లోపలే పెట్టి పంపుతున్నాను. పదిహేడో నంబరు. పలక మీద మీరే పెట్టుకోండి.

విమానాన్ని ఎగరనివ్వండి. అది ఎగరాలి, ఆ రెక్కకు కమ్లి కుట్టు లేకపోయినా సరే. క్లబ్బులో విమానం నడపడం నేర్పే పైలటమ్మ ఒకామె ఉందట, ఆమె వెనక సీట్లో కూర్చుంటుంది, నాగలత ముందు సీట్లో కూర్చుంటుంది, మీరు కింద నిలబడి చూడండి. మీరెందుకు ఎక్కలేదని జనం అడిగితే నా పేరు చెప్పండి. ఆ ముసలి ఇన్నయ్య ఏదో పిచ్చి ఉత్తరం రాసి మనసు చెడగొట్టాడని చెప్పండి. చెడ్డపేరు నాకు అలవాటైంది, ఇంకాస్త మోస్తాను. మీ కన్ను సంగతి హెప్సిబాకు కూడా చెప్పలేదు, చెప్పను.

లేదు, నేనే నడుపుతానంటారా. ఆదివారం పొద్దున ఏడు గంటలకు నేను షోలో విమానం దగ్గర ఉంటాను. ఎడమ రెక్క చివర నిలబడి ఒక చెయ్యి ఎత్తుతాను. తల తిప్పకుండా, ఎత్తింది ఏ చెయ్యో చెప్పండి. చెప్పగలిగితే సంతకం పెట్టి ప్రొపెల్లర్ నేనే తిప్పుతాను.

ఇన్నయ్య